గాజు బీరువాలో అడవి

కొన్నేళ్ళ క్రితం నేనొక కథ రాశాను. భద్రాచలం అడవి అంచున ఒక కోయగూడెం. తునికాకు కల్లం దగ్గర ఒక తల్లి కట్టలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆమె ఆరేళ్ళ కూతురికి పట్నం నుంచి వచ్చిన టీచరమ్మ ఒక ఎలుగుబొమ్మ ఇస్తుంది. పట్నంలో టెడ్డీబేర్ అంటారే, అది. పుట్టి బుద్ధెరిగాక బొమ్మ అనేది చూడని ఆ పిల్ల దాన్ని గుండెకు హత్తుకుంటుంది. ఆ రాత్రి తల్లి పక్కన గాక బొమ్మ పక్కన పడుకుంటుంది. కథ అక్కడితో ముగుస్తుంది. అచ్చయ్యాక మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి. కళ్ళు చెమర్చాయని రాశారు. మంచి కథే రాశానని నేనూ నమ్మాను.

ఆ కథను ఖమ్మంలో సాహిత్య విద్యార్థుల గోష్ఠిలో చదివాను. చదవడం అయ్యాక చివరి వరసలోంచి ఒక కుర్రవాడు లేచాడు. కూనవరం మండలం వాడు, కోయ.

"సార్, మా పిల్లలకు బొమ్మలుండవని మీకెవరు చెప్పారు?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే మళ్ళీ తనే అన్నాడు: "మా పెదనాయనకు సగం ముఖం లేదు సార్. ఇప్పపూల కాలంలో తెల్లారగట్ల పోతే ఎలుగు పడింది. మా గూడెం పిల్ల ఎలుగుబొమ్మను చూడగానే కౌగిలించుకోదు. దూరం నుంచి చూస్తుంది. కర్రతో పొడుస్తుంది. కదలకపోతే అప్పుడు నవ్వుతుంది. దీనికి గోళ్ళేవీ అని అడుగుతుంది."

సభలో నవ్వులు. నేనూ నవ్వాను. కూర్చోబోతూ అతను మరో మాట అన్నాడు: "మీ కథ మ్యూజియం లాగుంది సార్. బాగుంది. ముట్టుకోనివ్వదు."

ఈ వ్యాసం ఆ మాటకు నేను వెతుక్కున్న జవాబు. బొమ్మల మ్యూజియాలకూ మన గిరిజన కథలకూ ఉన్న సంబంధాన్ని కొంచెం దూరం నడిచి చూడాలని నా ప్రయత్నం. ఇందులో ఆత్మవిమర్శ ఉంది. అది నా ఒక్కడికే పరిమితమైనది కాదని కూడా అనుకుంటున్నాను.

1

ముందు ఆ ఎలుగుబొమ్మ సంగతి చూద్దాం. ప్రపంచంలో బొమ్మలు సేకరించేవాళ్ళకు దానికి మించిన వస్తువు లేదు. దాని పుట్టుక 1902 నవంబరులో, అమెరికాలోని మిసిసిపి రాష్ట్రపు అడవుల్లో. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఎలుగుల వేటకు వెళ్ళాడు. వేటకు దారి చూపినవాడు హోల్ట్ కోలియర్, బానిసగా పుట్టిన నల్లజాతి మనిషి. రూజ్‌వెల్ట్‌కు వేట దొరకలేదు. కోలియర్ ఒక ఎలుగును తరిమి పట్టి, తుపాకి మడమతో కొట్టి, చెట్టుకు కట్టేసి, వచ్చి కాల్చమని కబురుపెట్టాడు. కట్టేసిన జంతువును కాల్చడం వేటగాడి మర్యాద కాదని రూజ్‌వెల్ట్ కాల్చలేదు. అక్కడిదాకా లోకానికి తెలుసు. ఆ తర్వాతది అంతగా తెలీదు. దెబ్బతిన్న ఆ ఎలుగును చంపెయ్యమని ఆయనే చెప్పాడు. కత్తితో పొడిచి చంపారు.

క్లిఫర్డ్ బెరీమన్ అనే వ్యంగ్య చిత్రకారుడు వాషింగ్టన్ పోస్టు పత్రికలో ఆ సంఘటనను బొమ్మ వేశాడు. తర్వాత తర్వాత వేసిన బొమ్మల్లో ఎలుగును మరింత చిన్నదిగా, మరింత ముద్దుగా చేస్తూ పోయాడు. బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడుపుకునే మిక్టమ్ దంపతులు గుడ్డతో ఒక ఎలుగుపిల్లను కుట్టి కొట్టు కిటికీలో పెట్టారు. రూజ్‌వెల్ట్ ముద్దుపేరు తగిలించారు. దాదాపు అదే కాలంలో జర్మనీలో స్టైఫ్ కంపెనీ కూడా కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగుబొమ్మ చేసింది. ఆ కంపెనీ పెట్టిన మార్గరెట్ స్టైఫ్ చిన్నప్పుడే పోలియోతో కాళ్ళు పోయిన స్త్రీ. కుట్టుపని మీద బతికిన మనిషి. ఆ బొమ్మల చెవికి 1904 నుంచి ఒక లోహపు గుండీ బిగిస్తూ వచ్చారు. ఈనాడు సేకరణదారులు బొమ్మ ముఖం కంటే ముందు ఆ గుండీని చూస్తారు.

1904లో తయారైన అటువంటి ఎలుగుబొమ్మ ఒకటి 1994లో లండన్‌లో వేలానికి వచ్చింది. 1,10,000 పౌండ్లు పలికింది. కొన్నవాడు జపాన్ దేశస్థుడు. ఇజు అనే చోట కేవలం ఎలుగుబొమ్మల కోసం తాను పెడుతున్న మ్యూజియం కోసం కొన్నాడు. ఆ బొమ్మ ఒకప్పుడు ఎవరో పిల్లవాడి చంకలో నలిగింది. ఇప్పుడు గాజు వెనక ఉంది.

పాఠకులు ఇక్కడ ఒక క్రమాన్ని గమనించాలి. మొదట చావు కథలోంచి పోయింది. తర్వాత కోలియర్ పోయాడు. అడవి తెలిసినవాడు, ఎలుగును పట్టినవాడు, బానిసగా పుట్టినవాడు. బొమ్మకు అధ్యక్షుడి పేరే మిగిలింది. తర్వాత ఎలుగుకు గోళ్ళు పోయాయి. తర్వాత కుట్టిన ఆడవాళ్ళ చేతులు పోయాయి. చివరికి ఆడుకునే పిల్లవాడు కూడా పోయాడు. అన్నీ పోయాక మిగిలినదానికి 1,10,000 పౌండ్లు.

సరుకులో మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంగా కనిపిస్తుందని మార్క్స్ 1867లో చెప్పాడు. దాన్ని మనం ఉపన్యాసాల్లో వల్లెవేస్తాం. ఉదాహరణ అడిగితే మిల్లు బట్టనో చొక్కానో చూపిస్తాం. ఈ గోళ్ళు లేని ఎలుగు అంతకంటే మంచి ఉదాహరణ. కూనవరం పిల్ల అడిగే "గోళ్ళేవీ?" అన్న ప్రశ్నలో ఆ విమర్శ అంతా ఉంది. నేను ఆ ప్రశ్నను ఆమె నోట్లోంచి తీసేసి, ఆమె చేత కౌగిలింత పెట్టించాను.

2

అయితే మ్యూజియం అనేదే చెడ్డదా? అలా అనుకోవడం తొందరపాటు. మన దేశంలో బొమ్మల మ్యూజియం అంటే ముందు గుర్తుకొచ్చేది ఢిల్లీలోని శంకర్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం. వ్యంగ్య చిత్రకారుడు శంకర్ పిళ్ళై 1965లో పెట్టింది. 1950లలో పిల్లల పోటీల్లో బహుమతిగా ఇవ్వడానికి హంగేరీ రాయబారి ఒక బొమ్మ ఇస్తే, దాన్ని చూసి ముచ్చటపడి బొమ్మలు పోగుచెయ్యడం మొదలుపెట్టాడాయన. తర్వాత అవి వేలయ్యాయి. ఆయన ఉద్దేశం మంచిది. పొరుగు దేశపు పిల్లవాడు కూడా తనలాంటివాడేనని పిల్లలకు తెలియాలని.

కాని అక్కడి భారతదేశపు బొమ్మల్లో ఎక్కువ భాగం వేషధారణ బొమ్మలు. ఒక్కొక్క ప్రాంతానికి ఒక స్త్రీ, ఒక పురుషుడు. ఒక్కొక్క ప్రాంతపు పెళ్ళికూతురు. చీర కట్టు, తలపాగా, నగ. ఈ వరసలో దేశమంటే బట్టలే. ఏ పెళ్ళికూతురి చేతిలోనూ పని లేదు.

మన హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం ఉంది. 1951లో నెహ్రూ ప్రారంభించిన ఆ మ్యూజియం ఒక జాగీర్దారు ఇంటి సేకరణ. అందులో బొమ్మ సైన్యాలు, బొమ్మ రైళ్ళు ఉన్నాయి. చిన్నప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని నేను ఆ సైన్యాలను చూశాను. వాటిని నేలమీద వరసగా నిలబెట్టి ఒక్క తోపు తోసి పడగొట్టాలని ఎంత అనిపించిందో! బొమ్మకు అదే న్యాయం. ఆ న్యాయం గాజు అవతల జరగదు.

మరో దారి కూడా ఉంది. 1918లో, విప్లవం వచ్చిన మరుసటి ఏడే, మాస్కోలో నికొలాయ్ బార్ట్రామ్ బొమ్మల మ్యూజియం పెట్టాడు. ఆయన స్వయంగా బొమ్మలు చేసేవాడు. పల్లెల్లో కర్రబొమ్మలు చెక్కే చేతివృత్తులవాళ్ళ పనిని పోగుచేశాడు. 1926-27 చలికాలంలో మాస్కో వచ్చిన వాల్టర్ బెంజమిన్ ఆ మ్యూజియం చూసి రష్యన్ బొమ్మల మీద వ్యాసం రాశాడు. ఆ మ్యూజియం తర్వాత బొమ్మల తయారీకి పేరున్న సెర్గియేవ్ పొసాద్‌కు తరలింది. అంటే బొమ్మలు చేసేవాళ్ళ ఊరికే వెళ్ళింది. ఈ తేడా చిన్నది కాదు. ఒక మ్యూజియం చేతిని మరిపిస్తుంది. ఇంకొకటి చేతిని గుర్తుచేస్తుంది.

3

మన కొండపల్లి బొమ్మనే తీసుకోండి. దసరాకో సంక్రాంతికో బొమ్మలకొలువులో మెట్లమీద పెట్టే బొమ్మ. ఆ బొమ్మ మొదలు అడవిలో ఉంది. తెల్లపొణికి అనే తేలికపాటి కర్ర. నిర్మల్ కొయ్యబొమ్మలకూ అదే కర్ర. దాన్ని ఆరబెట్టి, చెక్కి, అవయవాలు విడివిడిగా చేసి, రంపపు పొట్టునూ చింతగింజల పిండినీ కలిపిన ముద్దతో అతికించి, సున్నం పూసి, రంగులు వేస్తారు. ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర, దానిమీద లక్క. అవీ చెట్లనుంచి వచ్చేవే.

కొండపల్లి బొమ్మల్లో దశావతారాలున్నాయి, అంబారీ ఏనుగుంది. వాటితోపాటు తాడెక్కే గీతకార్మికుడున్నాడు, రోకలి పట్టిన ఆడమనిషి ఉంది, ఎడ్లబండి ఉంది. అంటే పనిచేసే మనిషిని బొమ్మగా చెయ్యడం అసాధ్యమేమీ కాదు. బొమ్మ కావడం వల్ల మనిషి మనిషి కాకుండా పోడు. పనిలోంచి విడదీసి నిలబెట్టినప్పుడే పోతాడు. కొండపల్లి గీతకార్మికుడి నడుముకు మోకు ఉంది. నా కథలోని కోయతల్లి చేతిలో తునికాకు కట్ట ఉంది గాని, కట్టకు యాభై ఆకులని, ఆ యాభై పేర్చడానికి ఎంతసేపు పడుతుందని, కట్టకు ఎంత ఇస్తారని, కల్లేదారు ఎన్ని కట్టలు పనికిరావని పక్కకు నెట్టాడని నేను రాయలేదు. నాకు ఆ కట్ట పెళ్ళికూతురి నగలాంటిది. అలంకారం.

4

ఆ గోష్ఠి తర్వాత కొన్ని వారాలకు అతనితోపాటు భద్రాచలం వెళ్ళాను. అక్కడ ఐటీడీఏ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. వెదురు బుట్టలు, విల్లంబులు, డోళ్ళు. చేపలు పట్టే ఒక వెదురు బుట్ట దగ్గర అతను ఆగాడు. వాన వెలిశాక పొలంలోంచి వాగులోకి నీళ్ళు దిగే గండిలో దీన్ని ఎలా బిగిస్తారో, లోపలి బద్దలు మొనలు లోపలివైపుకు ఎందుకు వంచుతారో, ఎక్కిన చేప వెనక్కి ఎందుకు రాలేదో చేతులతో గాలిలో చూపిస్తూ చెప్పాడు. గుడికి వచ్చిన యాత్రికుల పిల్లలు నలుగురైదుగురు చుట్టూ మూగారు. ఒక పిల్లవాడు, "అన్నా, చిన్న చేపలు ఆ సందుల్లోంచి పోవా?" అన్నాడు. "పోవాలి. పోతేనే వచ్చే ఏడు పెద్ద చేపలుంటాయి" అన్నాడతను. ఆ పావుగంటసేపు అది మ్యూజియం కాదు, వాగు.

బయటికొచ్చాక అడిగాను, "మరి మీ బొమ్మలేవి?" అని.

"అవి ఇక్కడుండవు సార్. ఉంటే వాడిపోతాయి."

ముంజెలు తిన్నాక రెండు తాటికాయ బుర్రలకు మధ్య చిన్న పుల్ల గుచ్చితే బండి. పంగలకర్రతో తోసుకుంటూ గూడెమంతా తిరగడమే. తాటాకు మడిచి పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. మొక్కజొన్న కండెకు పీచే జుట్టు. ఏటి మట్టితో ఎద్దులు. ఇవేవీ వాళ్ళకే ప్రత్యేకం కాదు. తెలుగు పల్లెల్లో నా వయసువాళ్ళందరం వీటితో ఆడుకున్నవాళ్ళమే. అదే నన్ను ఎక్కువగా సిగ్గుపరిచింది. నా చిన్నతనంలో నేను తోసిన బండినే కోయపిల్ల చేతిలో నేను ఊహించలేకపోయాను. వాళ్ళు వేరు అనే భావం నా బుర్రలో అంత గట్టిగా కూర్చుంది. లేమిని చూపించాలన్న ఆరాటంలో ఆ పిల్లకున్న దాన్ని కూడా లాక్కున్నాను. దయగా చూసే చూపు కూడా దోచుకోగలదని అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. తాటిబుర్ర బండి రెండు రోజులు ఉంటుంది. పారేస్తారు. మళ్ళీ చేస్తారు. అది సేకరణకు పనికిరాదు. ఎందుకంటే దాని విలువ వస్తువులో లేదు, చేసే చేతిలో ఉంది. ఆ చెయ్యి తన కింది పిల్లకు నేర్పినంతకాలం బొమ్మ పోయినా నష్టం లేదు. చెయ్యి పోయి బొమ్మ మిగిలిందంటేనే ఏదో జరిగిందన్నమాట.

ఆ సాయంత్రం పర్ణశాలకు వెళ్ళాం. దుమ్ముగూడెం దారిలో గోదావరి ఒడ్డున. సీతారాములు వనవాసం చేసిన చోటని జనం నమ్మే ఆ పల్లెలో రామాయణ ఘట్టాలు రంగులేసిన విగ్రహాలుగా నిలబడి ఉంటాయి. సన్యాసి వేషంలో రావణుడు. బంగారులేడి. చుట్టూ అంగళ్ళలో ప్లాస్టిక్ బొమ్మలు, దూది కుక్కిన ఎలుగులు. మాయలేడి కథ మనకందరికీ తెలిసిందే. మెరిసే తోలు ఒకరిది, లోపలి ప్రాణి ఇంకొకరు. ఆ తోలుమీద మనసు పడ్డాక అడవిలో జరిగిందేమిటో కూడా తెలుసు. సరుకును గురించి ఇంతకంటే తేటగా మన జానపదుడికి ఎవరు చెప్పగలరు? మనవాళ్ళు దాన్ని మాయలేడి అని ఎప్పుడో పేరుపెట్టి పిలిచారు.

5

ఇక సాహిత్యానికి వస్తాను. మనిషిని బొమ్మగా మార్చడమంటే ఏమిటో ఆధునిక తెలుగు సాహిత్యం మొదట్లోనే గుర్తుపట్టింది. గురజాడ పూర్ణమ్మను పుత్తడిబొమ్మ అన్నాడు. ఆ మాట ముద్దుకు అన్నది కాదు. కన్నవాళ్ళు డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల అది. పుత్తడి అన్నది ఆమె ఒంటి రంగును ఎంత చెబుతుందో ఆమె ధరను కూడా అంతే చెబుతుంది. బొమ్మ అన్న మాటను గురజాడ ఆ పిల్లను అమ్మినవాళ్ళ మీదికి తిప్పాడు. కీలుబొమ్మ, తోలుబొమ్మ అన్న మాటలను కూడా మనం అప్పటినుంచీ ఎవరు ఆడిస్తున్నారన్న ప్రశ్నతోనే వాడుతున్నాం. బొమ్మ అనగానే తాడు ఎవరి చేతిలో ఉందని అడగడం మన అభ్యుదయ సంప్రదాయం.

గిరిజనుల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడం తరచు మరిచిపోయాం. చింతా దీక్షితులు "సుగాలీ కుటుంబం" వంటి కథ రాసిన కాలానికి, ఆ జీవితం కథావస్తువుగా యోగ్యమైనదని చెప్పడమే పెద్ద అడుగు. దాన్ని తక్కువ చెయ్యకూడదు. 1983లో సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన "కొమురం భీము" నవలలో గిరిజనుడు చరిత్రను నడిపేవాడిగా వచ్చాడు. భూమి, అడవి, పన్ను, ఫారెస్టు జవాను అన్నీ తమ అసలు పేర్లతో వచ్చాయి. తర్వాత మల్లిపురం జగదీశ్ "శిలకోల" కథలతో గిరిజనుడే కలం పట్టాడు. కాబట్టి దారి లేదని ఎవరూ అనలేరు.

అయినా పత్రికల్లో అచ్చయ్యే కథల్లో, నా కథతో సహా, వేషధారణ బొమ్మలే ఎక్కువ. పూసలపేరు, ఇప్పసారా, కొమ్ముల నృత్యం, అమాయకత్వం. ముఖ్యంగా అమాయకత్వం. ఆపై "నోరులేని జనం" అని ఒక మాట. మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలు పట్టుకుని సమ్మక్క సారలమ్మల కథ కోయలో, తెలుగులో పాడేవాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో పోయాడు. వంశకథలను నోట నిలుపుకున్న జనాన్ని నోరులేనివాళ్ళు అంటున్నామంటే లోపం వాళ్ళ నోటిలో లేదు, మన చెవిలో ఉంది.

అందుకని ఇటువంటి కథ చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవడం మంచిదని నాకు తోస్తుంది. ఒకటి: పాత్ర చేతులు ఏం చేస్తున్నాయి? ఆ పని రచయితకు తెలుసా? రెండు: పాత్ర తనవాళ్ళతో మాట్లాడుతుందా, లేక పట్నం నుంచి వచ్చినవాడితోనే మాట్లాడుతుందా? నా కథలో తల్లీకూతుళ్ళు ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. మూడు: పాత్ర నవ్వుతుందా? మనల్ని చూసి నవ్వుతుందా? కన్నీళ్ళు బొమ్మకు కూడా అంటించవచ్చు. ఎగతాళి అంటించలేం. నాలుగు: కథ చెప్పేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడు? గాజుకు ఏ పక్క?

మిత్రులు కొందరు వెంటనే అడుగుతారు: "అలాగైతే బయటివాడు రాయకూడదా?" రాయవచ్చు. ఎవరి జీవితం గురించి వాళ్ళే రాయాలన్న నియమం పెడితే సాహిత్యం ఎవరి ఇంట్లో వాళ్ళు తలుపేసుకున్నట్టవుతుంది. కాని బయటివాడు బయటివాడిగానే కథలో ఉండాలి. నా కథలో టీచరమ్మ తెచ్చిన బొమ్మను చూసి పిల్ల నవ్వి ఉంటే, టీచరమ్మ తెల్లబోయి ఉంటే, ఆ తెల్లబోవడం దగ్గర నిజమైన కథ మొదలయ్యేది. నేను టీచరమ్మను కాపాడాను. అంటే నన్ను నేను కాపాడుకున్నాను.

6

ఇదంతా శిల్పానికి సంబంధించిన చర్చ మాత్రమే అయితే ఇన్ని పేజీలు అక్కర్లేదు. 2014లో చట్టం సవరించి, పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం ఇటు ఉంది, చుట్టూ గూడేలు అటు పోయాయి. దిగువన దేవీపట్నం మండలంలోని కొండరెడ్ల ఊళ్ళు ఇప్పటికే కాలనీలకు తరలాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు కూనవరం, వరరామచంద్రపురం మండలాల ఊళ్ళు నీళ్ళలో నిలిచాయి. నాతో వచ్చిన కుర్రవాడి ఊరు కూడా ముంపు జాబితాలో ఉంది.

కాలనీకి వెళ్ళిన చుట్టాలను చూసి వచ్చి అతను నాతో ఒక్క మాటే చెప్పాడు: "ఇళ్ళున్నాయి సార్. తాటిచెట్టు లేదు."

1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా లెక్కగట్టింది. అడవిలో పుట్టి పెరిగినవాడు బుట్టకోసం ఒక బొంగు నరికినా తప్పయింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించింది. 2017లో అడవి బయట పెరిగే వెదురును చెట్ల లెక్కలోంచి తీశారు. కాగితం మీద చెయ్యికి వెదురు తిరిగొచ్చేసరికి, ఆ చెయ్యి ఉన్న ఊరు కదిలిపోతోంది. రేపు ఆ ఊరి బుట్ట ఏదో ఒక మ్యూజియానికి వస్తుంది. బహుశా శ్రద్ధగానే పెడతారు, పేరూ రాస్తారు. భద్రపరచడం తప్పని నేననను. బొత్తిగా ఏమీ మిగలకపోవడం కంటే అది మేలే. కాని ఊరు మునిగితేగాని నిండని బీరువా ముందు నిలబడి "ఎంత అందంగా ఉందో" అనేముందు మనం ఒక క్షణం ఆగాలి.

రచయిత పని ఇక్కడే వస్తుంది. వస్తువును మ్యూజియం దాచగలదు. నీళ్ళు దిగే గండిలో బుట్టను ఎలా బిగించాలో, చిన్న చేపను ఎందుకు వదలాలో దాచలేదు. అది మాటలో ఉంటుంది. కథ ఆ మాటను మోస్తే మ్యూజియం చెయ్యలేని పని చేసినట్టు. మోయకపోతే కథ కూడా ఒక బీరువా.

నా పాత కథను దిద్దుదామని కూర్చున్నాను. కుదరలేదు. పిల్ల నవ్వగానే తక్కిన కథంతా కూలిపోయింది. కూలనిచ్చాను.

ఈ మధ్య ఆ కుర్రవాడు తను రాసిన కథ ఒకటి నాకు చూపించాడు. ఎలుగు చేతిలో ముఖం పోగొట్టుకున్న మనిషి, అతని మనవరాలు, పరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరగడం. మధ్యలో నాకు తెలియని కోయమాట ఒకటి నాలుగైదుసార్లు వచ్చింది. దాని అర్థం కింద ఇస్తే పాఠకులకు సుళువుగా ఉంటుందేమో అన్నాను.

"కథంతా చదివితే తెలుస్తుంది సార్" అన్నాడు.

చదివాను. తెలిసింది.